మిషన్‌ని చెవిలో నిలబెట్టినవాళ్ళకి

చెవి మిషన్లు ఇచ్చినవాళ్ళకి వేదిక మీద శాలువాలు కప్పాం, ఫోటోలు దిగాం. ఆ ముచ్చట అయిపోయింది. ఈ కృతజ్ఞతలు వేరేవాళ్ళకి. ఆ మిషన్లు బీరువాలోకి పోకుండా పిల్లల చెవుల్లోనే ఉండేలా చూసినవాళ్ళకి. వినబడని పసిపిల్లలకీ వాళ్ళ అమ్మలకీ శనివారాలు మేం నడిపే తరగతికి సాయం పట్టినవాళ్ళలో చాలామంది "పేరు మాత్రం రాయకండి" అన్నారు. సరే, పేర్లు రాయడం లేదు, పనులు రాస్తున్నాం. ఏ పని ఎందుకు అక్కరకొచ్చిందో కాస్త వివరంగానే రాస్తున్నాం. ఇంకో ఊళ్ళో ఎవరైనా ఇలాంటి తరగతి పెట్టుకుంటే పనికొస్తుంది.

మొదటి దండం చెవి అచ్చులు తీసిపెట్టిన తమ్ముడికి. చెవి అచ్చు అంటే బిడ్డ చెవి కొలతకి పోసిన ముక్క, మిషన్ శబ్దం గొట్టంలోంచి దీని గుండా చెవిలోకి పోతుంది. పెద్దవాళ్ళకి ఒకసారి తీసిన అచ్చు ఏళ్ళు నడుస్తుంది. పసివాళ్ళకి నడవదు. ఏడాదిలోపు బిడ్డకైతే నెలా రెండు నెలలకే బిగువు తగ్గిపోతుంది. రెండు మూడేళ్ళ పిల్లలకి కూడా మూడు నుంచి ఆరు నెలల్లో కొత్తది కావాలి. చెవి పెరుగుతుంది గానీ అచ్చు పెరగదు కదా. ఆ సందులోంచి మిషన్ పెద్దది చేసిన శబ్దం బయటికొచ్చి, మళ్ళీ మైకులోకే దూరి, కుయ్‌మని కూత పెడుతుంది. ఆ కూత భరించలేక ఇంట్లోవాళ్ళు వాల్యూమ్ తగ్గిస్తారు. కూత ఆగుతుంది. దాంతోపాటు బిడ్డకి మాట వినబడటమూ ఆగుతుంది. మేం చూసిన "మిషన్ పెట్టినా లాభం లేదండీ" కేసుల్లో ఎక్కువ భాగం ఇదే. కొన్ని శిబిరాల్లో అయితే పసిపిల్లలకి కూడా రెడీమేడ్ బుడిపెలు తగిలించి పంపేస్తారు. వాటి గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

కూత ఎక్కణ్ణించి వస్తోందో తెలుసుకునే చిట్కా ఆ తమ్ముడే అమ్మలందరికీ నేర్పాడు. అచ్చు చెవిలోంచి తీసి, శబ్దం వచ్చే కన్నాన్ని వేలితో గట్టిగా మూయాలి. కూత ఆగిందా, మిషన్ బాగానే ఉంది. అచ్చు వదులైంది, లేదా సరిగా కూర్చోలేదు, లేదా చెవిలో గుబిలి అడ్డం పడింది. వేలితో మూసినా కూస్తోందా, గొట్టం ఎక్కడో చీలింది, లేదా మిషన్‌లోనే తేడా ఉంది. గొట్టం పసుపురంగుకి తిరిగి గట్టిపడితే చీలకముందే మార్చేయాలి. దానికోసం కొత్త అచ్చు అక్కర్లేదు, గొట్టం ఒక్కటే మారుతుంది.

అచ్చు తీసేటప్పుడు అతను పాటించిన క్రమం కూడా చెప్పాలి. ముందు లైటుతో చెవి లోపల చూస్తాడు. గుబిలి ఉన్నా, చీము ఉన్నా ఆ రోజు తీయడు, చెవి డాక్టరు దగ్గరికి పంపుతాడు. దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కని చెవి రెండో వంపు దాటేదాకా నెట్టి, ఆ తరవాతే పేస్టు ఎక్కిస్తాడు. ఆ స్పాంజి లేకపోతే పేస్టు కర్ణభేరి మీదికి పోయి గడ్డకడుతుంది. అది గట్టిపడే నాలుగైదు నిమిషాలూ బిడ్డ అమ్మ ఒళ్ళోనే, తల అమ్మ గుండెకి ఆనించి. నోట్లో బిస్కెట్ పెట్టి బుజ్జగించబోతే వద్దంటాడు. నమిలితే దవడ కదిలి అచ్చు వంకరపోతుంది. ఇలా ఒక్కో చెవికీ ఓపిక పట్టినవాడికి బస్సు చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు.

రెండోది మూతబిగువు డబ్బాలూ సిలికా జెల్ గింజలూ కొనిచ్చినవాళ్ళకి. మనది ఉక్కపోత దేశం. సాయంత్రానికి గొట్టంలో చెమట చుక్క నిలబడుతుంది. చుక్క అడ్డం పడితే శబ్దం పోదు, మిషన్ మాత్రం పనిచేస్తున్నట్టే కనబడుతుంది. గొట్టాన్ని మిషన్ నుంచి విడదీసి రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. నోటితో ఊదితే మన ఊపిరి తేమే మళ్ళీ లోపల చేరుతుంది. రాత్రి మిషన్‌ని డబ్బాలో పెట్టేముందు సెల్లు (బ్యాటరీ) తీసి, సెల్లు తలుపు తెరిచి ఉంచాలి. లోపల తడి ఆరుతుంది. సెల్లుని కూడా అందులోనే ఉంచితే అదీ ఎండిపోయి తొందరగా చస్తుంది. గింజల రంగు మారితే వాటి పని అయిపోయినట్టే. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళున్నారు, దయచేసి మానండి. ఆ పిండిదుమ్ము మైకు రంధ్రాల్లో ఇరుక్కుంటుంది.

మూడోది నాయనమ్మలకీ అమ్మమ్మలకీ. ఇది మర్యాదకి అంటున్నది కాదు. చెవిలో గోరువెచ్చని నూనె చుక్క వేయడం వాళ్ళ తరాల అలవాటు. దాన్ని మనవల కోసం మానేశారు. ఆదివారం తలంటుకి ముందు మిషన్ తీసి డబ్బాలో పెట్టడం, స్నానమయ్యాక చెవి వెనకా డొప్పలోనూ మెత్తటి గుడ్డతో ఒత్తి, జుట్టు ఆరాకే మళ్ళీ తొడగడం ఇప్పుడు వాళ్ళే చూస్తున్నారు. అచ్చుని మాత్రం మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడగొచ్చు. స్పిరిట్ వద్దు, రాత్రంతా ఆరాలి. ఇంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి చేశారు వాళ్ళు. "మూడేళ్ళకి అవే వస్తాయిలే, వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యమే" అనడం మానేశారు.

ఆ మాట ఎంత ప్రమాదమో ఆశా కార్యకర్తలకి తెలుసు. ఇంటింటికీ తిరిగి బిడ్డల్ని పరీక్షకి పంపించినందుకు వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. పళ్ళెం కింద పడేస్తే బిడ్డ ఉలిక్కిపడిందంటే అది వినికిడే అని చెప్పలేం. నేల అదురుతుంది, గాలి తగులుతుంది, నీడ కదులుతుంది. వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది. అందుకే పుట్టిన నెలలోపు ఓఏఈ పరీక్ష (చెవిలోకి చిన్న శబ్దం పంపి లోపలి చెవి జవాబు కొలిచేది), మూడు నెలల్లోపు లోపం ఉందో లేదో తేల్చడం, ఆరు నెలల్లోపు మిషన్, శిక్షణ మొదలు. 1-3-6 అని గుర్తు పెట్టుకోవచ్చు. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో చెవిలో నెమ్ము ఉండి ఓఏఈ తప్పొచ్చు, కంగారుపడకుండా మళ్ళీ చేయించాలి. అయిదు రోజులకి మించి ఐసీయూలో ఉన్న బిడ్డకి మాత్రం ఓఏఈ పాసైనా చాలదు, శబ్దం వినికిడి నరం గుండా మెదడుకి చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేయించాలి. లోపం నరంలో ఉంటే ఓఏఈకి దొరకదు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకంలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఉంది. ఆ దారిలో జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపొచ్చు.

బెరాకి బిడ్డ నిద్రపోవాలి. ఇక్కడ మా ఆటో అన్న సంగతి చెప్పకపోతే పాపం. అలవాటుగా లేచే వేళకన్నా ముందే బిడ్డని లేపి, దారంతా కునుకు తీయనివ్వకుండా కూర్చోబెట్టి, ఆసుపత్రి చేరాక పాలిచ్చి పడుకోబెడితే గాఢనిద్ర వస్తుంది, పరీక్ష ఒక్క పూటలో తేలుతుంది. దారిలో పడుకుందా, అక్కడ కళ్ళు ఇంత చేసుకుని కూర్చుంటుంది, ఇంకో తేదీ, ఇంకో కూలి పోవడం. అద్దంలోంచి చూస్తూ, పిల్ల కళ్ళు వాలినప్పుడల్లా బండి పక్కకి ఆపి గేదెల్నీ రైలుగేటునీ చూపించిన అన్నకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

టైలర్ అక్క పని చూడటానికి చిన్నది. పిల్లలు మిషన్ పీకి పారేస్తారు, కాలవలోనో గడ్డివాములోనో పోతుంది. మిషన్‌కి దారం కట్టి, చొక్కా వెనక, మెడ కిందుగా క్లిప్పు పెట్టింది. పీకినా వీపు మీద వేలాడుతుందే గానీ పోదు. దారం పొట్టిగా ఉండాలి, ముందుకి రాకూడదు, మెడకి చుట్టుకునేంత పొడుగు అసలే వద్దు. పల్చటి మల్లు గుడ్డతో టోపీలు కుట్టింది. మందం గుడ్డయితే మైకుని మూసేస్తుంది. అన్నిటికన్నా పనికొచ్చినవి ఎంబ్రాయిడరీ రింగులు. రింగుకి నల్లటి పల్చని గుడ్డ బిగించి ఇచ్చింది. రోజూ పొద్దున్నే చేసే ఆరు శబ్దాల పరీక్షకి నోరు బిడ్డకి కనబడకూడదు. చెయ్యి అడ్డం పెడితే శబ్దం మారిపోతుంది, ఈ గుడ్డలోంచి మాత్రం దాదాపు ఉన్నదున్నట్టు పోతుంది.

ఆ ఆరు శబ్దాలు ఇవి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. మీటరు దూరంలో కూర్చుని, ఒక్కో చెవికీ విడిగా, మామూలు గొంతుతో అనాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం ఒకేలా ఉండకూడదు, ఉంటే పిల్లలు లెక్కపెట్టి తిరుగుతారు. వినబడినప్పుడల్లా గిన్నెలో శనగగింజో పూసో వేయడం పెద్ద పిల్లలకి. మరీ చిన్నది కళ్ళు ఆడిస్తే చాలు. నిన్నటిదాకా స్ విన్న బిడ్డకి ఇవాళ వినబడకపోతే గొంతు పెంచకండి. సెల్లు చూడండి, గొట్టం చూడండి, జలుబు చేసిందేమో చూడండి.

తరగతికి గది ఇచ్చిన గుడి కమిటీకి నమస్కారం. టైల్స్ నేల, కాంక్రీటు కప్పు, ఖాళీ గది. చప్పట్లు కొడితే గంట కొట్టినట్టుండేది. జంపఖానాలు పరిచి, కిటికీలకి దళసరి పరదాలు వేసి, కిరకిరలాడే ఫ్యాను బాగు చేయించారు. మిషన్ మాటనీ ఫ్యాను మోతనీ ఒకలాగే పెంచుతుంది మరి. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. వంటింట్లోంచి కేకేయడం కన్నా పక్కకొచ్చి మెల్లగా అనడమే బిడ్డకి గట్టిగా వినబడుతుంది.

రిటైరైన తెలుగు మాస్టారికి వేరే ఉత్తరమే రాయాలి. స్పీచ్ థెరపీ కార్డులు చాలావరకు ఇంగ్లీషు మాటలకి తయారైనవి. తెలుగులో చిక్కు ఎక్కడుందో ఆయన పట్టుకున్నారు. మన వ్యాకరణమంతా మాట తోకలో ఉంటుంది, ఆ తోకనే మనం మింగేసి మాట్లాడతాం. "చెంబులో నీళ్ళు" అన్నా "చెంబుతో నీళ్ళు" అన్నా వినికిడి తక్కువైన బిడ్డకి చెంబూ నీళ్ళే అందుతాయి. తిన్నావా, తింటావా, తినలేదా, మూడూ ఒక్కటే. పెదాలు చూసి గ్రహిస్తుందిలే అనుకుంటాం గానీ ప, బ, మ మూడిటికీ పెదాలు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. కకారం, గకారం పెదాల మీద కనబడనే కనబడవు. అందుకని ఆయన రాసిచ్చిన కాగితాల్లో విడి మాటలు లేవు, ఇంటిపని వాక్యాలే ఉన్నాయి. దోసె పోసేటప్పటిది ఒకటి చెబుతాం. బిడ్డని పొయ్యికి దూరంగా ఎత్తు మీద కూర్చోబెట్టి, ముందు వినిపించాలి: "గరిటెతో పిండి తీద్దాం." తరవాత గరిటె చూపించాలి. మళ్ళీ చెప్పాలి, తో దగ్గర కాస్త సాగదీసి. పెనం మీద చుయ్‌మన్నప్పుడు చెవి మీద వేలు పెట్టి "విన్నావా?" అనాలి. ఆ తరవాత నోరు మూసుకుని మనసులో అయిదు దాకా లెక్కపెట్టాలి. అమ్మలందరికీ కష్టమైంది ఈ అయిదే. రెండు దగ్గరే ఆగలేక వాళ్ళే జవాబు చెప్పేస్తారు, బిడ్డ వంతు పోతుంది.

ఇంట్లోవాళ్ళకే పాఠం చెప్పే ఈ పద్ధతి కొత్తదేం కాదు. లాస్ ఏంజెలెస్‌లో జాన్ ట్రేసీ క్లినిక్ 1940ల నుంచే తల్లిదండ్రులకి పోస్టులో పాఠాలు పంపేది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ప్రీస్కూల్లో పిల్లలతోపాటు అమ్మలు కూర్చుంటారు.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అయిన పిల్లల ఇళ్ళవాళ్ళకి ఒక్క మాట. ఆపరేషనైన కొన్ని వారాలకి స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు బిడ్డ ఏడ్చినా, ఏమీ చేయకపోయినా రెండూ మామూలే. వినికిడి వయసు ఆ రోజు నుంచి లెక్క.

ఇక, నెలకి రెండుసార్లు వచ్చి సైగలు నేర్పిన బధిర యువతికి. మాటలు నేర్పేచోట సైగలెందుకని మాలోనే గొణిగినవాళ్ళున్నారు. సైగ వల్ల మాట ఆగిపోదు. రాత్రి మిషన్ తీశాక, స్నానంలో, సెల్లు అయిపోయినప్పుడు, బిడ్డకి ఏదో ఒక భాష ఉండాలి. పైగా ఈ పిల్లల్లో చాలామంది అంతవరకు వినబడని పెద్దమనిషిని చూసెరగరు. గడ్డం పట్టుకుని ముఖం తిప్పొద్దని, భుజం తట్టమని, నేల చరచమని, బొమ్మ పక్కనే సైగ చేస్తే రెండూ ఒకే చూపులో పడతాయని ఆమె చెప్పాకే తెలిసింది. 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువు వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. అమ్మలు ఇంట్లో వాటితోనే సాధన చేస్తున్నారు.

వైకల్య ధ్రువపత్రం కోసం సదరం స్లాటు దొరికేదాకా కాగితాలు పట్టుకుని తిరిగిన సచివాలయం కుర్రాడికీ, వారం మధ్యలో భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) పిల్లల్ని చూసిన టీచరుకీ థాంక్సండీ.

చివరికి బస్టాండు దగ్గర వాచీల కొట్టు బాబాయికి. నారింజ స్టిక్కరు 13 నంబరు సెల్లు, నీలం స్టిక్కరు 675, రెండూ ఎప్పుడూ తెప్పించి పెడుతున్నాడు. 13 నంబరు వారం పదిరోజులు వస్తుందనుకుంటే రెండు చెవులకీ నెలకి ఎనిమిది దాకా కావాలి. కొన్నవాళ్ళందరికీ, స్టిక్కరు పీకాక ఓ నిమిషం పైన గాలికి ఉంచి అప్పుడే మిషన్‌లో వేయమని తానే చెబుతున్నాడు. వాడేసిన సెల్లులు లెక్కపెట్టి తిరిగి ఇస్తేనే కొత్త అట్ట ఇస్తానని కూడా పట్టుబట్టాడు. పిల్లలున్న ఇంట్లో సెల్లు కింద పడి ఉండకూడదని అతని పట్టుదల. ఒకటి తక్కువ వస్తే ఇంటికి ఫోన్ చేస్తాడు. దొరక్కపోతే, బిడ్డ మింగిందేమో, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుందేమో అని ఏమాత్రం అనుమానమున్నా, వాంతి చేయించే ప్రయత్నాలేవీ లేకుండా తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాలి. ఖాళీ అట్ట కూడా పట్టుకెళ్ళండి, ఏ సెల్లో డాక్టరుకి తెలుస్తుంది.