కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: పిల్లలకు బెలూన్ల సైన్సు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

డ్రెయిన్ల పూడికతీత, వీధి దీపాలు, బోరు మోటారు మరమ్మతు, వాచ్‌మన్ జీతం వివరాలన్నీ జమాఖర్చుల పత్రంలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు జరిగిన పిల్లల సైన్సు కార్యక్రమానికే ఇస్తున్నాను. మన విజయవాడలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ టెన్షన్ మొదలవుతుంది. సూత్రాలు గడగడా అప్పజెప్పే పిల్లలకు ఆ సూత్రం పనిచేస్తుంటే చూసే అవకాశం దొరకడం లేదు. అందుకే ఒకే నియమం పెట్టుకున్నాం: పిల్లలు చేసి చూసేదాకా పెద్దలెవరూ జవాబు చెప్పకూడదు.

అందరికీ బాగా నచ్చింది వంట సోడా ప్రయోగం. ఖాళీ వాటర్ బాటిల్‌లో మూడు వేళ్ల ఎత్తున వెనిగర్ పోసి, రెండు చెంచాల సోడా వేసిన బెలూన్‌ను మూతికి తగిలించాలి. బెలూన్ పైకెత్తగానే సోడా కిందికి జారి, బుస్సున పొంగి, కార్బన్ డయాక్సైడ్‌తో బెలూన్ ఉబ్బుతుంది. బాటిల్ పట్టుకున్న ఒక పాప "ఇది చల్లబడిందేంటి?" అని అడిగింది. ఆ చర్య చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందని పెద్దల్లోనే చాలామందికి తెలియదు. తర్వాత ఆ బెలూన్‌నూ, పంపుతో అంతే గాలి కొట్టిన మరోదాన్నీ ఒకే ఎత్తు నుంచి వదిలారు. సోడా బెలూనే ముందు నేలను తాకింది. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనదని ఇక వేరే చెప్పనక్కర్లేకపోయింది.

స్థిర విద్యుత్ ప్రయోగం వానాకాలంలో మొండికేసింది. బెలూన్‌ను తలకు ఎంత రుద్దినా కాగితం ముక్కలు కదల్లేదు. గాలిలో తేమ ఎక్కువైతే రుద్దినప్పుడు పుట్టే విద్యుత్ ఆవేశం నిలవదు, తలకు నూనె ఉన్నా అంతే. సంక్రాంతి సెలవుల్లో, తలంటు పోసుకుని జుట్టు బాగా ఆరాక, మధ్యాహ్నం పూట మళ్లీ చేస్తే కుళాయి నుంచి సన్నగా పడే నీటిధార కూడా బెలూన్ వైపు వంగింది. వానాకాలంలో కుదరకపోవడం వల్లే పిల్లలు తేమ గురించి ఎక్కువ ఆలోచించారని నా అభిప్రాయం.

నీళ్లు నింపిన బెలూన్‌ను కొవ్వొత్తి మంటపై పెద్దలే పట్టుకుని చూపించారు. మసి పట్టింది గానీ పగల్లేదు, వేడిని నీళ్లు తీసుకున్నాయి కాబట్టి. దారం మీద పరుగెత్తే బెలూన్ రాకెట్‌తో ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందనే న్యూటన్ మూడో నియమం చూశారు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఇవన్నీ పిల్లలే తల్లిదండ్రులకు చేసి చూపించారు. రబ్బరు బెలూన్‌ను 1824లో మైకేల్ ఫారడే హైడ్రోజన్ ప్రయోగాల కోసమే తయారు చేశాడని ఆ రోజు ఓ కుర్రాడు చెబితే, "ఆడుకోడానికి కాదా!" అని చిన్నవాళ్లు ఆశ్చర్యపోయారు.

ఇంట్లో చేయించేటప్పుడు ఒక జాగ్రత్త. ఎనిమిదేళ్ల లోపు పిల్లల చేతికి ఊదని బెలూన్లు ఇవ్వకండి. పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి, గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదకొస్తుంది. రబ్బరు పడని పిల్లలు ఉంటే ముందే చెప్పండి.

వచ్చే ఏడాదీ కార్యక్రమం కొనసాగించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. బెలూన్లు, సోడా, వెనిగర్ ఖర్చు స్వల్పమే. కావలసింది ఆదివారం ఉదయం ఒక గంట ఇవ్వగల పెద్దలు. రిటైరైన ఉపాధ్యాయులు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి