కొండదారిలో ఖాళీ పలకలు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం ట్రెక్కింగ్‌కి వెళ్లి, దారి పక్కన సగంలో వదిలేసిన ఒక యుద్ధ స్మారకం చూసి వచ్చాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు. మెట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. నాలుగు స్తంభాలు లేచి ఆగిపోయాయి, పైన ఇనుప చువ్వలు అలాగే బయటికి ఉన్నాయి, ఒకటి పట్టుకుంటే అరచేయంతా ఎర్రగా తుప్పు అంటింది. అన్నిటికన్నా బాధ పెట్టింది గ్రానైట్ పలకలు. నున్నగా పాలిష్ పట్టి, పేర్లు చెక్కడానికి సన్నగా గీతలు కూడా గీసి పెట్టారు, కానీ ఒక్క పేరూ చెక్కలేదు. ఆ గీతల మధ్యే ఎవరో జంట మేకుతో తమ పేర్లు గీక్కుని పోయారు! మాతో వచ్చిన పాప "ఇది ఎవరి కోసం కట్టారు?" అని అడిగితే చూపించడానికి బోర్డు కూడా లేదు.

డబ్బు అయిపోయి పనులు ఆగడం కొత్తేమీ కాదు. ఎడిన్‌బరోలో కాల్టన్ హిల్ మీద నెపోలియన్ యుద్ధాల్లో చనిపోయిన స్కాట్లాండ్ సైనికుల కోసం 1826లో ఒక స్మారకం కట్టడం మొదలుపెట్టి, 1829 నాటికి నిధులు లేక 12 స్తంభాల దగ్గర ఆపేశారు. అది ఇప్పటికీ అంతే ఉంది, జనం కొండెక్కి చూసి వస్తూనే ఉన్నారు. కాబట్టి మొత్తం పూర్తి చేయమని నేను అడగడం లేదు. పేర్లు చెక్కమంటున్నాను, అంతే. బెల్జియంలో మొదటి ప్రపంచ యుద్ధ స్మారకమైన మెనిన్ గేట్ మీద, సమాధి కూడా దొరకని సైనికుల పేర్లు 54 వేలకు పైగా చెక్కాక ఇక చోటు చాలకపోతే, మిగిలిన దాదాపు 35 వేల పేర్లను టైన్ కాట్ శ్మశానవాటిక గోడల మీద చెక్కారు, అంతేగానీ చోటు లేదని వదిలేయలేదు. ఇక్కడ చోటుంది, రాయి ఉంది. గీతలు గీశారంటే ఎవరో ఒకరి దగ్గర పేర్ల జాబితా ఉండే ఉంటుంది కదా, అది ఏ ఫైల్లో పడి ఉందో వెతికి తీయడం అంత కష్టమా?

ఆ చువ్వల సంగతి కూడా తొందరగా చూడాలి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి లోపలినుంచి కాంక్రీటును పగలగొడుతుంది, ఇప్పటికే ఒక స్తంభానికి నిలువునా బీట వచ్చింది. కనీసం తుప్పు గీకి, బయటికున్న చువ్వలను కాంక్రీటుతో మూసేయాలి, అదేం పెద్ద ఖర్చు కాదు. పిల్లలు ఆ స్తంభాల కిందే కూర్చుని టిఫిన్లు తింటున్నారు, చూస్తుంటే భయం వేసింది.

దిగేముందు పలక మీది ఆకులు తుడిచి వరసలు లెక్కపెట్టాను. ఒక్కోదానికి 30. అలాంటివి ఆరు పలకలు ఉన్నాయి. 180 ఇళ్లవాళ్లు ఎప్పుడైనా ఈ దారిన వస్తే తమవాళ్ల పేరు కోసం ఆ రాళ్లన్నీ తడుముకుని ఊరికే వెళ్లిపోవాలా?

– ఒక పాఠకుడు