బీచ్‌లో నడవమన్నారు సరే, ఏ టైములో?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పని అలసట మీద, అదే ఇప్పుడందరూ అంటున్న బర్నౌట్ మీద ఒక పేజీ వేశారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడవమన్నారు, ప్రాణాయామం చేయమన్నారు, పడుకునే ముందు ఫోన్ దూరంగా పెట్టమన్నారు. చదువుతుంటే నవ్వొచ్చింది. కిందటేడు దాకా నేను తెల్లారి ఐదున్నరకి గోపాలపట్నంలో బండి తీస్తే రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరేవాణ్ణి. విశాఖపట్నంలోనే ఉంటూ రెండేళ్లపాటు సముద్రం మొహం చూడలేదు.

నేను ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో 22 ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. పొద్దున స్టడీ అవర్, ఆ తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్. వారం వారం టెస్టు, ఆ రాత్రికే పేపర్లు దిద్ది మార్కులు గ్రూపులో పెట్టాలి. వేసవిలో పిల్లలకు సెలవులు, మాకు అడ్మిషన్లు. పదో తరగతి పిల్లల లిస్టు చేతికిచ్చి, ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్ పెట్టి ఇళ్ల మీదికి పంపిస్తారు. త్రికోణమితి చెప్పే మనిషి మిట్టమధ్యాహ్నం పెందుర్తిలో ఎవరి గుమ్మం ముందో నిలబడి ఫీజు రాయితీ గురించి మాట్లాడుతుంటాడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు.

నా సంగతి నాకంటే ముందు మా ఆవిడ కనిపెట్టింది. మా ఇల్లు సింహాచలం గిరిప్రదక్షిణ దారిలోనే ఉంది. ఏటా ఆషాఢంలో కొండ తొలిమెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లూ నడవడం చదువుకునే రోజుల నుంచి నాకు అలవాటు. అలాంటిది వరసగా రెండేళ్లు వెళ్లలేదు. రెండో ఏడు జనం అప్పన్నని తలుచుకుంటూ మా వీధి చివరి నుంచి వెళ్తుంటే నేను లోపల పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. "వెళ్లలేకపోయానన్న బాధైనా లేదేమిటండీ మీకు?" అంది. నిజంగానే లేదు.

ఆ నెలలోనే ఒక కుర్రాడు క్లాసయ్యాక వెనకే వచ్చాడు. ప్రస్తారాలు, సంయోగాల్లో నేను చేసిన లెక్కని తను ఇంకో దారిలో చేశానని నోటుబుక్ చాపాడు. ఒకప్పుడైతే వాణ్ణి బోర్డు దగ్గరికి లాక్కెళ్లేవాణ్ణి. ఆ రోజు పుస్తకం వైపు చూడకుండానే "సరే, పరీక్షలో మాత్రం నేను చెప్పినట్టే రాయి" అన్నాను. వాడి మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

చివరికి ఒక పొద్దున తాటిచెట్లపాలెం దగ్గర బండి ఆపాను. పాడైపోలేదు, నేనే ఆపాను. కాలేజీ వైపు చెయ్యి తిరగలేదు. పక్కనున్న టీ బడ్డీ అతను "ఏటి మాస్టారూ, ఒంట్లో బాగోలేదేటి?" అని బల్ల చూపించాడు. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాను.

షుగర్, థైరాయిడ్, బీ12 అన్నీ చూపించుకున్నాను. అన్నీ నార్మల్. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమని మా బావమరిది అంటే నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు. మానసిక ఆసుపత్రి ఉన్నది చినవాల్తేరులో, మన ఊళ్లో 'చినవాల్తేరు పంపాలి' అంటే ఏమిటో తెలిసిందే కదా. క్లాసులో పిల్లల మీద ఆ జోకు నేనూ వేశాను, సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

చివరికి వెళ్లాను. ఆ డాక్టరుగారు మొదట అడిగింది నా పని గురించి కాదు. సెలవు రోజున ఎలా ఉంటుంది, ఇష్టమైన కూర రుచిగా ఉంటోందా, నిద్ర పడుతోందా, బతకడం ఎందుకనిపిస్తోందా అని. పనితో ముడిపడిన అలసట వేరు, అన్నిటినీ కమ్మేసే డిప్రెషన్ వేరు. మొదటిది ముదిరితే రెండోదానికి దారితీయొచ్చు కాబట్టి ముందు అది తేల్చుకోవాలన్నారు. చావు ఆలోచనలు వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దని, 14416కి ఫోన్ చేయమని చెప్పారు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అట, ఏ వేళప్పుడైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ పేజీలో ఆ నంబరు వేయాల్సింది.

ఇంకో మాట కూడా చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ బర్నౌట్‌ని వ్యాధుల వర్గీకరణలో పెట్టింది గానీ జబ్బు అనలేదట. పనిచేసే చోట చాలాకాలం సర్దుబాటు కాని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అందట. ఒంట్లో సత్తువ పోవడం, పనంటే విరక్తి, చేసింది దేనికీ పనికిరాదనిపించడం దాని గుర్తులు. నేను ఆ కుర్రాడి పుస్తకం చూడకపోవడం గర్వం వల్ల కాదని అప్పుడు అర్థమైంది.

అంతకుముందే ఓసారి నాలుగు రోజులు సెలవు పెట్టి అరకు వెళ్లొచ్చాం. కిరండోల్ రైలు సొరంగంలోకి దూరిన ప్రతిసారీ సిగ్నల్ పోయి ప్రాణం హాయిగా ఉండేది, బయటికి రాగానే కాలేజీ గ్రూపు టింగుమనేది. తిరిగొచ్చిన మూడో రోజుకి మళ్లీ మామూలే.

తేడా ఎక్కడ వచ్చిందంటే గంటల్లో. సాయంత్రం స్టడీ అవర్, వేసవి అడ్మిషన్లు నావల్ల కాదని రాసిచ్చాను. "ఆ మాత్రం టెన్షన్ అందరికీ ఉంటుంది మాస్టారూ" అన్నారు పైవాళ్లు. చివరికి స్టడీ అవర్ తీసేశారు, దాంతోపాటు నెలకి తొమ్మిది వేలు కూడా. మా ఆవిడ ఉద్యోగం ఉంది కాబట్టి తట్టుకున్నాం. పక్క వాటాలో ఆయన ఆటోనగర్‌లో పనిచేస్తాడు, ఆయన ఇలా రాసివ్వగలడా? ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటలు 9 నుంచి 10కి పెంచాలని 2025లో మన మంత్రివర్గమే నిర్ణయించింది. ఆయనకి ప్రాణాయామం నేర్పితే సరిపోతుందా?

అందుకే ఈ ఉత్తరం. మళ్లీ ఇలాంటి పేజీ వేస్తే ఉద్యోగులకి చిట్కాలు తగ్గించి, యాజమాన్యాల్ని నాలుగు ప్రశ్నలు అడగండి. మీ గ్రూపులో మెసేజ్‌లు రాత్రి ఎన్నింటికి ఆగుతాయి? వారాంతపు సెలవు నిజంగా సెలవేనా? వేసవిలో లెక్చరర్లు ఎక్కడుంటారు?

నాకు పూర్తిగా నయమైందని చెప్పను. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ వెలుగుండగానే ఇంటికొచ్చి, రైతుబజారుకి వెళ్లి బెండకాయలు ఏరుకుంటున్నాను. మొన్న ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఆ లెక్క ఎలా చేశావని అడిగితే "గుర్తులేదు సార్, ఎప్పటి మాట!" అని నవ్వేశాడు. లెక్క నాకు గుర్తుంది. వాడు పోయిన దారేదో రాత్రిళ్లు కాగితం మీద వెతుకుతున్నాను.

– ఒక గణిత అధ్యాపకుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం
(ఉద్యోగంలో ఉన్నాను, పేరు వేయవద్దని మనవి)