డీఎన్‌ఏ దొరికితే చాలా?

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అందింది. "డీఎన్‌ఏ దొరికాక ఇంకా విచారణ దేనికిరా, శిక్ష వేసేయక!" అని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచి నీతో మాట్లాడాలని ఒకటే తపన. ఆ మాట నీది కాదురా, నువ్వు రోజూ చూసే క్రైమ్ సీరియళ్లది.

2000లో అమెరికాలో సీఎస్‌ఐ అనే క్రైమ్ సీరియల్ మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. శాంపిల్ మెషీన్‌లో పెడతారు, యాడ్స్ అయ్యేలోపు నేరస్థుడి ఫొటో వచ్చేస్తుంది. అసలు ల్యాబుల్లో శాంపిళ్లు నెలల తరబడి పడి ఉంటాయి. ఆలస్యం సంగతి పోనీ. సీరియల్లో ఆ స్క్రీన్ ఎప్పుడూ తప్పు చెప్పదు, నాకు భయమేసేది అక్కడ.

జర్మనీలో ఏం జరిగిందో విను. 2007లో హైల్‌బ్రోన్‌లో ఒక మహిళా పోలీసుని కాల్చి చంపారు. పోలీసు కారు మీద దొరికిన డీఎన్‌ఏ ఎవరో ఆడమనిషిది. అదే డీఎన్‌ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 చోట్ల బయటపడింది, హత్యల్లోనూ, చిల్లర దొంగతనాల్లోనూ! ఏళ్లపాటు ఆమె కోసం గాలించారు. తీరా 2009లో తేలిందేమిటంటే, ఆమె శాంపిళ్లు తీసే దూది పుల్లలు తయారయ్యే చోట పనిచేసే మనిషి. స్టెరిలైజ్ చేస్తే క్రిములు చస్తాయి గానీ డీఎన్‌ఏ పోదు. మెషీన్ పుల్లకి అంటుకున్నదాన్నే చూపించింది, అందులో దాని తప్పేం లేదు. ఆ పుల్ల ఎక్కడిది, ఎవరు పట్టుకున్నారు అని అడగాల్సింది మనుషులే. ఆ హత్య చేసింది హిట్లర్ భావాల్ని నెత్తికెత్తుకున్న నియో నాజీ ముఠా అని 2011లో గానీ బయటికి రాలేదు. అన్నాళ్లూ చనిపోయిన ఆ పోలీసు కన్నవాళ్లు ఎంత నలిగిపోయి ఉంటారో!

నేరం జరిగిన చోట దొరికిన వెంట్రుకని అనుమానితుడి వెంట్రుకతో పోల్చి చూసే పద్ధతి సంగతి ఇంకా ఘోరం. 2000కి ముందు కేసుల్లో తమ నిపుణులు చెప్పిన సాక్ష్యాలను తిరగేసి, చూసినంతవరకు 90 శాతానికి పైగా విచారణల్లో తప్పుడు మాటలున్నాయని 2015లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐయే ఒప్పుకుంది. వాటిలో మరణశిక్ష పడ్డ కేసులూ ఉన్నాయి.

సైన్సంటే నాకు నమ్మకం లేదనుకోకు. ఇంగ్లండ్‌లో ఇద్దరమ్మాయిల హత్యల కేసులో 17 ఏళ్ల కుర్రాడు ఒక హత్య తానే చేశానని పోలీసుల దగ్గర ఒప్పేసుకున్నాడు. అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త 1984లో కనిపెట్టిన డీఎన్‌ఏ పరీక్షే వాడు కాదని తేల్చింది. అసలువాడికి 1988లో శిక్ష పడింది. ఈ పరీక్ష నేర పరిశోధనలోకి వస్తూనే ఒక అమాయకుణ్ని కాపాడిందిరా! సీరియళ్లు ఇది ఎందుకు చూపించవో నాకు అర్థం కాదు.

నువ్వు చూసేదాంట్లో ఏ లాయరైనా ల్యాబ్ వాళ్లని గట్టిగా ఒక్క ప్రశ్న అడిగితే, ఆ ఎపిసోడ్ సంగతి నాకు రాయి, తప్పకుండా చూస్తాను.

ఇట్లు,
నీ నేస్తం