బ్రిటన్ అద్దె ఇంట్లో నల్లబూజు, ఆవిరి లెక్క

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండులో అద్దెకుండే తెలుగు కుటుంబాలకు నవంబరు నుంచి మార్చి దాకా ఒక తగువు తప్పదు. పడకగది మూలన, అల్మారా వెనక, కిటికీ చట్రం చుట్టూ నల్లటి చుక్కలు లేస్తాయి. ఫొటో తీసి ఏజెంటుకు పంపితే చాలాసార్లు ఒకటే జవాబు వస్తుంది: మీరు వంట ఎక్కువ చేస్తారు, బట్టలు ఇంట్లో ఆరేస్తారు, కిటికీలు తీయరు. మనవాళ్లు సిగ్గుపడి ఊరుకుంటారు. ఆ జవాబులో కొంత నిజం ఉంది, కొంత తప్పించుకోవడం ఉంది. ఏది ఎంతో తేలాలంటే కొలిచి చూడాలి. విదేశాలకు వెళ్లేవారికి వీసాల గురించి, ఫీజుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, గోడల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఆవిరిని మోస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాముల పైచిలుకే. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న మామూలు గదిలో ఉండేది 29 ఘనపు మీటర్ల గాలి. అంటే వెచ్చగా ఉన్నప్పుడు ఆ గది గాలి మొత్తం మోయగలిగింది అర లీటరు నీరు. ఇప్పుడు వాషింగ్ మెషిన్ నుంచి తీసిన బట్టల సంగతి చూడండి. పొడిగా నాలుగు కిలోలుండే బట్టలు నిమిషానికి 1400 చుట్ల స్పిన్ తర్వాత కూడా రెండు లీటర్ల దాకా నీటిని దాచుకుంటాయి. 800 చుట్ల వేగమే పెడితే ఇంకా ఎక్కువ. అర లీటరు పట్టే గదిలో రెండు లీటర్లు వదిలితే మిగతాది ఇంట్లో ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి పోయి నీరవుతుంది. హాల్లో ఆరేసిన బట్టల చెమ్మ, హీటింగ్ ఆపేసిన వెనక పడకగదిలో బూజై కనిపించడానికి కారణం ఇదే. ఇద్దరు నిద్రపోయిన గదిలో తెల్లారేసరికి ఊపిరి, చెమట ద్వారానే అర లీటరుకు పైగా చేరుతుంది. గ్యాస్ పొయ్యి కూడా నీటిని వదులుతుందని చాలామందికి తెలియదు. ఒక యూనిట్ (కిలోవాట్-అవర్) గ్యాస్ మండితే సుమారు 150 మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా వస్తుంది. గిన్నెలోంచి లేచే ఆవిరి దానికి అదనం.

మన అలవాటు మనల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం కిటికీ తెరిస్తే ఇంట్లో చెమ్మ పెరుగుతుంది. అక్కడ 27 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 20 గ్రాములకు పైగా ఆవిరితో లోపలికి వస్తుంది. ఆ అనుభవంతోనే లండన్‌లో ముసురు పట్టిన రోజు కిటికీలన్నీ బిగించేస్తాం. కానీ అక్కడి 5 డిగ్రీల గాలి వానలో తడిసినట్టే ఉన్నా అందులో ఉండేది 6 గ్రాముల ఆవిరే. అది ఇంట్లోకొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ, అంటే మోయగలిగిన ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, 35 శాతం దగ్గరకు పడిపోతుంది. బయట వాన పడుతున్నా కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుంది. నేను చెప్పే వాటిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంటే చాలు.

అయితే కిటికీని రోజంతా ఓరగా తెరిచి పెట్టడం తప్పు. దాని చుట్టూ గోడ చల్లబడి, బూజు అక్కడే మొదలవుతుంది. ఎదురెదురు కిటికీలు రెండూ పూర్తిగా తీసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి మూసేయాలి. గాలి మారుతుంది, గోడల వేడి నిలుస్తుంది. పొద్దున లేవగానే ఒకసారి, వంటయ్యాక ఒకసారి, స్నానాలయ్యాక ఒకసారి చాలు. చాలా కిటికీలకు పైన చట్రంలో సన్నటి చీలిక, దానికి జరిపే మూత ఉంటాయి. దాన్ని ట్రికిల్ వెంట్ అంటారు. చలిగాలి వస్తోందని టేపు అంటించకుండా, చలికాలమంతా తెరిచే ఉంచాలి.

వంటింటి దగ్గర ముందు చూడాల్సింది మనం చిమ్నీ అనే కుకర్ హుడ్. దాని గొట్టం బయటికి పోతోందా, లేక గాలిని పీల్చి మళ్లీ గదిలోకే వదులుతోందా? బొగ్గు ఫిల్టరుతో తిప్పి వదిలే రకమైతే తాలింపు వాసన కొంత తగ్గిస్తుందేమో గానీ ఆవిరిని ఏమీ చేయదు. అలాంటి ఇంట్లో వంటగది తలుపు మూసి కిటికీ తెరిచి వండాలి. ఇంగ్లండు భవన నిబంధనల ప్రకారం కొత్తగా ఫ్యాన్ అమర్చినప్పుడు పొయ్యి మీది హుడ్ సెకనుకు 30 లీటర్ల గాలిని, పొయ్యికి దూరంగా ఉన్న ఫ్యాన్ అయితే 60 లీటర్లను, స్నానాలగది ఫ్యాన్ 15 లీటర్లను బయటికి లాగాలి. తిరిగినంత మాత్రాన అది లాగుతోందని కాదు. ఒక టిష్యూ కాగితం దాని జాలీకి పెట్టి చూడండి. అతుక్కుంటే పనిచేస్తున్నట్టు, జారిపోతే దుమ్ము పట్టిందో, గొట్టం ఊడిందో, మోటారు అరిగిందో. కొన్ని ఇళ్లలో అంతకుముందున్నవాళ్లు శబ్దం భరించలేక తలుపు పైన ఉండే చిన్న స్విచ్ ఆపేసి పోతారు. తర్వాత వచ్చినవాళ్లు ఫ్యాన్ పాడైందనుకుంటారు. స్నానాలగది తలుపు కింద సెంటీమీటరు సందు కావాలనే వదులుతారు, లోపలికి గాలి వస్తేనే ఫ్యాన్ బయటికి లాగగలదు. దానికి తువ్వాలు అడ్డం పెట్టొద్దు.

పులుసు మూత లేకుండా అరగంట మరిగితే పావు లీటరుకు తక్కువ కాకుండా నీరు గాలిలో కలుస్తుంది. మూత కాస్త ఓరగా పెట్టి, వెనక బర్నరు మీద, హుడ్ కింద మరిగించడం మేలు. అన్నానికి కుక్కర్ మంచిదే, విజిళ్లు లెక్కపెట్టి ఆపితే. పోపు పొగకు స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ తీసేయడం మాత్రం ఎవరూ చేయకండి. వంటింట్లో ఉండాల్సింది వేడిని గుర్తించే హీట్ అలారం, పొగది హాల్లో. వంటింట్లో పొగ అలారం తప్పుగా బిగించి ఉంటే మార్చమని అడగండి. ఇంగ్లండులో అద్దె ఇంటి ప్రతి అంతస్తులోనూ స్మోక్ అలారం పెట్టడం ఇంటివాళ్ల (యజమానుల) బాధ్యత.

బట్టలు ఆరబెట్టడమే అన్నిటికన్నా పెద్ద చిక్కు. డిసెంబరులో లండన్‌లో నాలుగింటికే పొద్దుగూకుతుంది, పెరట్లో దండెం మీద వేసినవి పచ్చిగానే లోపలికి వస్తాయి. ముందుగా, ఉతకడం అయ్యాక ఇంకోసారి స్పిన్ ఒక్కటే పెట్టాలి, ఖర్చు చాలా స్వల్పం. తర్వాత ఒక్క గదినే ఆరబెట్టేందుకు కేటాయించి తలుపు మూయాలి. ఆ గదిలో డీహ్యుమిడిఫయర్ (గాలిలోని తేమను నీరుగా లాగే యంత్రం) పెడితే కిటికీ కూడా మూయాలి, తెరిస్తే అది ఊళ్లో గాలిని ఆరబెడుతూ కూర్చుంటుంది. యంత్రం లేకపోతే కిటికీ తెరిచి, తలుపు మూసి ఉంచాలి. రేడియేటర్ల నిండా బట్టలు పరిస్తే గదికి రావాల్సిన వేడి ఆగిపోతుంది, గోడలు ఇంకా చల్లబడతాయి. కరెంటుతో వేడెక్కే ఆరబెట్టే స్టాండు మీద ఖర్చు తక్కువే గానీ నీరు ఎక్కడికీ పోదు, గదిలోనే ఉంటుంది. నేత చీరను నాలుగు మడతలు వేసి ఆరేస్తే లోపలి మడతకు ముక్కిన వాసన పట్టుకుంటుంది, రెండు తీగల మీదుగా వెడల్పుగా వేయాలి.

డీహ్యుమిడిఫయర్ కొనేవాళ్లకు ఒక మాట. అట్టపెట్టె మీద 12 లీటర్లు, 20 లీటర్లు అని రాసేది సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర రోజుకు తీసే నీరు. 18 డిగ్రీల పడకగదిలో అందులో కొంత భాగమే వస్తుంది, యంత్రం చెడిపోయిందనుకోకండి. ఫ్రిజ్‌లా గాలిని చల్లబరిచి నీరు తీసే కంప్రెసర్ రకం వెచ్చటి గదులకు సరిపోతుంది, 15 డిగ్రీల కంటే చల్లటి చోట నెమ్మదిస్తుంది. హీటింగ్ లేని గదికి, తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం మంచిది, కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. 200 వాట్ల కంప్రెసర్ యంత్రం పది గంటలు నడిస్తే రెండు యూనిట్లు, ఇటీవలి ధరల్లో అర పౌండు చుట్టూ. పాత రకం టంబుల్ డ్రయ్యర్ ఒక్క వాయికే నాలుగైదు యూనిట్లు తినగలదు, హీట్ పంప్ డ్రయ్యర్ రెండింటి లోపు.

సామాను సర్దే పద్ధతి కూడా చూసుకోవాలి. ఒకదానికొకటి ఆనించి వరుసగా కట్టిన పాత టెర్రస్ ఇళ్ల బయటి గోడలు తొమ్మిది అంగుళాల ఇటుకే, మధ్యలో ఖాళీ లేదు. ఆ గోడకు ఆనించిన అల్మారా వెనకకు వెచ్చటి గాలి చేరదు. కనీసం ఐదు సెంటీమీటర్లు, వీలైతే పది వదలాలి. వీలుంటే లోపలి గోడ వైపు మార్చడం ఇంకా మంచిది. ఇరవై కిలోల సోనా మసూరి బస్తాను బయటి గోడ పక్కన నేలమీద పెడితే అడుగు బియ్యం చెడిపోతాయి. వాడని గది రేడియేటర్ పూర్తిగా ఆపొద్దు, పదిహేను పదహారు డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. మనుషులు తిరిగే గదులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం 18 డిగ్రీలు. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు గట్టిగా వేడి చేసి ఆపేస్తే గాలి వేడెక్కుతుంది గానీ ఇటుక వేడెక్కదు.

వచ్చిన బూజును పొడి బ్రష్షుతో గీకితే దాని సూక్ష్మ బీజాలు గదంతా ఎగురుతాయి. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, బూజు స్ప్రే కొట్టి, సీసా మీద చెప్పినంత సేపు ఆగి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. ఈ స్ప్రేలలో చాలావరకు బ్లీచ్ ఉంటుంది. దాని మీద వెనిగర్ గానీ టాయిలెట్ కడిగే యాసిడ్ గానీ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. బూజు మీదే రంగు వేస్తే కొన్ని వారాల్లో మళ్లీ పైకి తేలుతుంది.

ఇప్పుడు ఏజెంటు జవాబు సంగతి. పది పౌండ్ల చుట్టుపక్కల దొరికే తేమ మీటరు ఒకటి కొని పడకగదిలో పెట్టండి. పొద్దున, రాత్రి అంకెలు రాసుకోండి. 20 డిగ్రీల దగ్గర తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీలకు చల్లబడిన ఏ గాజు మీదైనా నీరు పడుతుంది. 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే ముందు మన ఇంట్లోనే వెతకాలి. కానీ తేమ 50 శాతం, వేడి 18 డిగ్రీలు ఉండి కూడా గోడ తడుస్తోందంటే, వంటను నిందించడం చెల్లదు. గోడ గురించి మాట్లాడాలి. వాన పడ్డాక పెద్దదయ్యే మరక అయితే చూరు వెంబడి ఉండే వాననీటి కాలువ పొంగుతోందో, ఇటుకల మధ్య సున్నం రాలిందో, పైకప్పు పెంకు జరిగిందో చూడాలి. నేల నుంచి మీటరు ఎత్తు దాకా పాకి, పైన ఉప్పు గీతతో ఆగితే కింది నుంచి పీలుస్తున్న చెమ్మ. వేసవిలోనూ ఆరని ఒకే చోట తడికి పైపు కారడమే కారణం కావచ్చు. ఇవన్నీ ఇంటివాళ్లు బాగుచేయించాల్సినవే. ఇంగ్లండులో 1985 నాటి ఇంటి యజమాని-అద్దెదారు చట్టం సెక్షన్ 11 కట్టడాన్ని, హీటింగును వాళ్ల బాధ్యతగా పెట్టింది. నివాసయోగ్యతపై 2018లో చేసిన చట్టం ప్రకారం చెమ్మతో ఇల్లు ఉండడానికి పనికిరాకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. అంతకన్నా ముందు కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగాన్ని తనిఖీకి పిలవవచ్చు.

అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పసివాడు 2020 డిసెంబరులో రాచ్‌డేల్‌లో చనిపోయాడు. ఇంట్లోని బూజు మధ్య ఎక్కువ కాలం ఉండడం వల్ల వచ్చిన శ్వాస జబ్బే కారణమని 2022 నవంబరులో కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) తేల్చారు. తండ్రి 2017లోనే ఫిర్యాదు చేస్తే పైన రంగు వేసుకోమన్నారు. ఆ బిడ్డ పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండు సామాజిక గృహాలకు, అంటే కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్లకు, అమల్లో ఉంది. ప్రమాదకరమైన చెమ్మపై పది పనిదినాల్లో పరిశీలన, అది ముగిశాక ఐదు పనిదినాల్లో ప్రమాదం తొలగించడం, అత్యవసరమైతే 24 గంటల్లో చర్య. ప్రైవేటు అద్దె ఇళ్లకూ దీన్ని విస్తరించే వీలు 2025 అద్దెదారుల హక్కుల చట్టంలో ఉంది. ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయమంటారన్న భయం మనవాళ్లలో ఎక్కువ. కారణం చెప్పకుండా ఇచ్చే సెక్షన్ 21 నోటీసు రద్దుకు 2026 మే 1 తేదీ నిర్ణయించారు. అద్దె ఇళ్ల ఫిర్యాదులు విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021లో ఇచ్చిన నివేదిక పేరులోనే ‘ఇది జీవనశైలి కాదు’ అని ఉంది. ఏజెంటుకు రాసే మెయిల్లో ఆ మాట పెట్టండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, తేదీ, ఫొటో, మీటరు అంకెలతో రాతపూర్వకంగా పంపాలి.

జనవరి విడత విద్యార్థులు సరిగ్గా బూజు కాలంలోనే దిగుతారు. తాళాలు తీసుకున్న రోజే ప్రతి మూలా, ప్రతి కిటికీ చట్రం, అల్మారాల వెనక భాగం ఫొటో తీసి, ఇన్వెంటరీలో (దిగేటప్పుడు ఇచ్చే ఇంటి స్థితి జాబితాలో) లేని మరకలను చెప్పిన గడువులోపే మెయిల్ చేయమని తల్లిదండ్రులు వాళ్లకు చెప్పాలి. ఐదు వారాల అద్దె దాకా ఉండే డిపాజిట్టులో బూజు పేరుతో కోత పెట్టినప్పుడు, ఆ తగువు తీర్చే డిపాజిట్ పథకం వాళ్లు అడిగేది ఆ మొదటి రోజు ఫొటోలనే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
లెస్టర్, ఇంగ్లండు