శనివారం పెదజాలారిపేట ఇంటింటి ఆరోగ్య సర్వేకి ముందు

అందరికీ నమస్తే. శనివారం ఉదయం 7 కల్లా పేట మొదట్లో ఉండండి. ఆప్రాన్, ఐడీ కార్డు తప్పనిసరి.

పోయినసారి ఫారాల్లో చాలామంది ఇన్సిడెన్స్‌నీ ప్రివలెన్స్‌నీ కలిపేశారు. ఈ నెలలో కొత్తగా డెంగీ వచ్చిన లెక్క ఇన్సిడెన్స్. ఇవాళ షుగరుతో ఉన్నవాళ్లంతా, పదేళ్ల కిందట వచ్చినా నిన్న బయటపడినా, ప్రివలెన్స్. మందులు బాగా పనిచేసి షుగరు పేషెంట్లు ఎక్కువకాలం బతికితే ప్రివలెన్స్ పెరుగుతుంది. వైవాలో (నోటి పరీక్షలో) పట్టుకునేది ఇక్కడే.

హారం, అంటే మొత్తం ఎంతమందిలో అన్నది లేకుండా ‘ఇరవైమందికి వాంతులు’ అని రాయొద్దు. ఒక పెళ్లి భోజనం అనుకోండి. రొయ్యల కూర తిన్న 80 మందిలో 40 మందికి విరేచనాలు, తినని 50 మందిలో 10 మందికి. అటాక్ రేట్, అంటే ఆ గుంపులో జబ్బుపడినవాళ్ల శాతం, తిన్నవాళ్లలో 50, తిననివాళ్లలో 20. 50ని 20తో భాగిస్తే రిలేటివ్ రిస్క్ 2.5, అంటే తిన్నవాళ్లకి ముప్పు రెండున్నర రెట్లు. తిననివాళ్లను అడక్కుండా వచ్చేస్తే రొయ్యల మీద నింద వేయడానికి ఆధారమే ఉండదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరాలో డాక్టర్ జాన్ స్నో, తాను అనుమానించిన నీళ్ల పంపు పక్కనే ఉండి జబ్బుపడని బీరు కార్ఖానా పనివాళ్ల సంగతీ ఆరా తీశాడు. వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు కాదు. (పంపు హ్యాండిల్ తీయగానే కలరా ఆగిపోయిందని సెమినార్‌లో సినిమా కథలా చెప్పకండి, తీసేనాటికే కేసులు తగ్గుతున్నాయి.)

నీళ్ల డ్రమ్ముల్లోకి టార్చి వేసి చూడండి. డెంగీ మోసే ఏడిస్ దోమ లార్వా (పిల్లపురుగు) మురుగులో కాదు, తేటనీళ్లలో దొరుకుతుంది. ‘అమ్మా, చూడొచ్చా’ అని అడిగాకే మూత తీయండి, మళ్లీ పెట్టేయండి.