మాట్లాడని పిల్లలకు మరమ్మతు అక్కర్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లల వ్యక్తిత్వ వికాసం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. తక్కువ మాట్లాడే పిల్లల్ని ఎలాగైనా స్టేజీ ఎక్కించాలి, నలుగురిలోకి తోసెయ్యాలి, లేకపోతే రేపు సమాజంలో వెనకబడిపోతారు అన్నది దాని సారాంశం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా ఇదే మాట వింటాను. "మార్కులకేం సార్, బాగానే వస్తాయి, కానీ మావాడికి నోట్లో నాలుక లేదు, ఎలా బతుకుతాడో" అని తల్లి అంటుంటే పక్కనే ఆ పిల్లవాడు తల వంచుకుని నిలబడి ఉంటాడు. ఆ తల్లి టెన్షన్ అబద్ధం కాదు, నోరున్నవాడిదే రాజ్యమని ఆవిడ కళ్లారా చూస్తూనే ఉంది కదా. అయితే ఆ రాజ్యాన్ని మార్చమని అడగకుండా పిల్లవాడిని మార్చమంటున్నాం, నా అభ్యంతరం అక్కడే.

గాంధీగారు బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసులో లేచి నిలబడి, సాక్షిని ఒక్క ప్రశ్నా అడగలేక కూర్చుండిపోయారు, తీసుకున్న ఫీజు తిరిగి ఇచ్చేశారు. ఆ బిడియమే తనకు మాటలు పొదుపుగా వాడటం నేర్పిందని తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు.

మా గోదావరి జిల్లాల వాళ్లం గుర్తు పెట్టుకోవాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చిన ఆ కుర్రాడు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన జట్టుకి నాయకత్వం వహించింది ఆయనే. బ్లడ్ క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ డాక్టర్లు నేటికీ రాస్తున్న మెథోట్రెక్సేట్ ఆ జట్టు పనిలోంచే వచ్చింది. బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ మాత్ర మింగినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? ప్రచారం అంటే ఆయన ఆమడ దూరం. 1948లో పోయారు, మన దేశం తపాలా బిళ్ల వేసింది 1995లో. చప్పుడు చేసేవాళ్లనే గమనించే అలవాటు మనది, అందులో ఆయన లోపం ఏమీ లేదు.

ఇక తరగతి గదికి వస్తాను. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ విద్యావేత్త 1970ల నాటికే చూపించిన విషయం ఒకటుంది. ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక్క సెకను ఆగి ఇంకొకరి మీదకు వెళ్లిపోతున్నారు, అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతున్నాయి, అంతవరకూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడుతున్నారు. దీనికి పైసా ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. నా క్లాసులో ఇది నిజమని రోజూ చూస్తున్నాను. చెయ్యెత్తని పిల్ల నోట్‌బుక్ తీసి చూస్తే అదే లెక్క రెండు పద్ధతుల్లో చేసి ఉంటుంది!

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నిన్నటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల ఉన్నట్టుండి మాట మానేసిందంటే అది స్వభావం కాదు, ఏదో జరిగింది, వెంటనే కూర్చోబెట్టుకుని కనుక్కోవాలి. అలాగే "ఆడపిల్ల, నెమ్మదిగా ఉండాలి" అని ఇంట్లో నోరు నొక్కేసి దాన్ని అణకువ అని మెచ్చుకోవడం కూడా వేరే సంగతి. నేను సమర్థించేది పిల్లలు తమకు తాముగా ఎంచుకున్న మౌనాన్ని.

కాలేజీల్లో క్యాంపస్ ఇంటర్వ్యూల గ్రూప్ డిస్కషన్ చూడండి, గట్టిగా అరిచి ఎదుటివాడి మాటకి అడ్డుపడినవాడు లీడర్ అనిపించుకుంటాడు. తీరా ఉద్యోగం ఏమిటంటే రోజంతా ఒక్కడే కూర్చుని, ఇంకెవరో రాసిన ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో ఓపికగా వెతకటం. ఆ ఓపిక ఉన్న కుర్రాడు మొదటి రౌండ్‌లోనే బయటికొచ్చేసి "నాకు కమ్యూనికేషన్ లేదు సార్" అని నా దగ్గర బాధపడతాడు. ఆ కంపెనీ పోగొట్టుకున్నదేమిటో దానికి ఎప్పటికీ తెలియదు.

విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి. మౌఖికంగా మార్కులు వేసే ప్రతిచోటా రాసి ఇచ్చే అవకాశం కూడా పెట్టండి, ప్రోగ్రెస్ కార్డులో "కలివిడిగా ఉండడు" లాంటి వ్యాఖ్యలు రాయొద్దని టీచర్లకు చెప్పండి. నియామకాలు చేసే కంపెనీలు గ్రూప్ డిస్కషన్ బదులు ఒక చిన్న పని ఇచ్చి, ఒక పూట టైమిచ్చి చూడాలి. మీరు కూడా వచ్చే ఆదివారం వ్యక్తిత్వ వికాసం పేజీలో తక్కువ మాట్లాడే పిల్లలతోనే నాలుగు మాటలు రాయించి వేయండి, అడిగితే వాళ్లు చాలా బాగా రాస్తారు.

– ఒక లెక్కల టీచర్, పశ్చిమ గోదావరి జిల్లా